దత్తస్వీకారమున సాక్షిధర్మము

బిడ్డను కనుటకు తల్లిదండ్రులు ఎవరికిని అర్జీ పెట్టుకొన నక్కరలేదు. వారు శాంతులో కోపిష్ఠులో, ధనవంతులో ఋణగ్రస్తులో యని ఏ యధికారియు ఇల్లు వెదకికొని వచ్చి విచారింపడు. కాని తల్లిదండ్రుల నీడ లేని యొక బిడ్డను తెచ్చి తమ బిడ్డగా పెంచుకొందుమని ఎవరైన ముందునకు వచ్చినచో, అందునను ఆ బిడ్డ యొక దేశమునను వారొక దేశమునను ఉన్నచో, కాగితములు కొండవలె పేరుకొనును. కన్నవారికి లేని పరీక్ష పెంచుకొనువారికి ఏల? ఇది న్యాయమా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో ఎదురుపడలేదు. ఒక లేఖ రూపమున మా బల్లమీదికే వచ్చినది.

మా యొద్ద ఉన్నత పాఠశాలలో చదివిన యొకడు అమెరికాలో స్థిరపడి ఆ దేశపు పౌరుడయ్యెను. ఆ దంపతులకు సంతానము లేదు. మన దేశమునుండి యొక ఆడబిడ్డను దత్తత చేసికొన నిశ్చయించిరి. వారి శీలమును గూర్చి, బంధువులు కాని వారొకరు సాక్ష్యముగా లేఖ వ్రాయవలసియున్నదట. అది మమ్ము వ్రాయుమని కోరిరి. దానితోబాటు పంపిన ప్రశ్నలలో ఒకటి యిది: వీరిలో ఎవరికైన ఎప్పుడైన శారీరక వ్యాధిగాని మానసిక వ్యాధిగాని కలిగినట్లు మీరెరుగుదురా? ఆ ప్రశ్నను ప్రస్తావించుచు మా శిష్యుడు ఇట్లు వ్రాసినాడు: “మాస్టారూ, నాన్న పోయిన యేడాది సంగతి ఒక్కటీ వ్రాయకండి. ఆ మాట చూస్తే మాకు పాపనివ్వరేమోనని భయంగా ఉంది.”

ఆ సంగతి మే మెరుగుదుము. ఇరువదియేండ్ల క్రిందట తండ్రి మరణించినప్పుడు ఆ కుఱ్ఱవాడు ఆరునెలలు మంచము దిగలేదు, ఎవరితోను మాటలాడలేదు. గ్రామమున కొందరు గాలి సోకినదనిరి, కొందరు తాయెత్తు కట్టిరి. తుదకు వానిని పట్టణమునకు వైద్యుని యొద్దకు గొనిపోయినవారము మేమే. మందువలనను కాలమువలనను కోలుకొనెను, మరల చదివెను, నేడు పదిమందికి ఆధారముగా నున్నాడు. ఇందులో సిగ్గుపడదగినది ఏమున్నది? అయినను మనస్సునకు వచ్చిన జబ్బును కులమునకు వచ్చిన మచ్చగా దాచుట మన యిండ్లలో ఇంకను పోలేదు. సముద్రము దాటినను ఆ భయము వానిని విడువలేదు.

మొదట మాకు కోపము వచ్చినది. వానిమీద కాదు, ఆ ప్రశ్నమీద. ప్రేమకు పూచీకత్తు ఏమి యని తలంచితిమి. పిమ్మట నెమ్మదిగా ఆలోచించితిమి.

మన పూర్వులు ఈ విషయమున ఏమనిరి? దత్తపుత్రుని స్వీకరింపగోరువాడు బంధువులను పిలిచి, రాజునకు విన్నవించి, ఇంటి నడుమ హోమము చేసి గ్రహింపవలెనని వసిష్ఠ ధర్మసూత్రము విధించినది. రాజునకు విన్నవించుట యేల? బిడ్డ చేతులు మారుట చీకటిలో జరుగరాదని. నేటి కాగితములు ఆ విన్నపమే. ఇప్పుడు రాజులిద్దరైరి గనుక విన్నపములును రెండైనవి. ఐతరేయ బ్రాహ్మణములో అజీగర్తుడు నూఱు గోవులకు కొడుకును అమ్మిన కథ చదువరులకు తెలియనిది కాదు. మఱి నూఱు గోవులకు ఆ కొడుకునే యూపమునకు కట్టినాడు. ఇంకొక నూఱింటికి కత్తి యెత్తబోయినాడు. ఆ శునఃశేపుని విశ్వామిత్రుడు కొడుకుగా గైకొనెను. అమ్మకమును దత్తతయు ఒక్క కథలోనే ప్రక్కప్రక్కన నిలిచినవి. రెంటికిని నడుమ గోడ కట్టుట నాటినుండియు అవసరమే యని దీనివలన తెలియుచున్నది. 1956వ సంవత్సరపు హిందూ దత్తత చట్టము ఆడబిడ్డను దత్తత చేసికొను హక్కు నిచ్చుటయే గాక, దత్తతకు ప్రతిఫలముగా ధనము పుచ్చుకొనుటను నిషేధించినది.

ఆ గోడ కూలిన దినములను మన తెలుగుదేశమే చూచినది. 1999, 2001 సంవత్సరములలో, లంబాడీ తండాలలోని బీదతల్లులకు స్వల్పధనమిచ్చి పసికందులను, అందునను ఆడబిడ్డలను, దళారులు కొనితెచ్చి, హైదరాబాదు శిశుగృహముల ద్వారమున విదేశములకు దత్తత పంపుచుండిన వ్యవహారము బయటపడెను. ఆ బిడ్డలకు కాగితములు లేవా? ఉన్నవి, ముద్రలును సంతకములును ఉన్నవి. అవతలి దేశమున ఆ బిడ్డలకై ఎదురుచూచిన దంపతులలో అనేకులు నిష్కపటులే. వారి చేతికి వచ్చిన కాగితము మాత్రము అబద్ధము. దక్షిణ కొరియాలో సత్యనిర్ధారణ సంఘము 2025 మార్చిలో ప్రకటించినదియు ఇట్టిదే: తల్లిదండ్రులు గల బిడ్డలను అనాథలుగా వ్రాసిరి, ఒక బిడ్డ పేరును మఱియొక బిడ్డకు తగిలించిరి. నేడు నడివయస్సు వచ్చిన ఆ బిడ్డలు తమ తల్లి యెవరో తెలియక ఆ పాతకాగితములను చేతబట్టుకొని తిరుగుచున్నారు.

ఇట్టి అనర్థములను తలంచియే నిబంధనలు పుట్టినవి. ఒక న్యాయవాది వ్రాసిన లేఖనే అర్జీగా గైకొని మన సుప్రీముకోర్టు 1984లో లక్ష్మీకాంత పాండే వ్యాజ్యమున విదేశ దత్తతలకు నియమములు ఏర్పరచెను. 1993లో హేగు నగరమున దేశముల నడుమ ఒడంబడిక కుదిరెను. అది మనకు 2003 నుండియు అమెరికాకు 2008 నుండియు అమలులోనికి వచ్చెను. దాని ననుసరించి అమెరికా పౌరులు ముందుగా గృహపరిశీలనకు లోబడవలెను. సాంఘిక సేవకురాలు ఇంటికి వచ్చి వారి ఆదాయమును, ఆరోగ్యమును, పూర్వచరిత్రను, మనస్సును విచారించి నివేదిక వ్రాయును. వ్రేలిముద్రలు తీయుదురు. ఆ నివేదికతో ఐ-800ఏ యను ఫారము పంపవలెను. అది యడుగునది ఒక్కటే: వీరు తల్లిదండ్రులగుటకు తగుదురా? తరువాత, మన కేంద్ర దత్తత సంస్థ బిడ్డను చూపిన పిదప, ఐ-800 అను రెండవ ఫారము: ఈ బిడ్డ వీరికి ధర్మముగా చెందునా? పిమ్మట మన ప్రభుత్వపు నిరభ్యంతర పత్రము, జిల్లా మెజిస్ట్రేటు ఉత్తరువు, పాస్‌పోర్టు, వీసా. ఈ వరుసలో ఒక వివేకము గలదు. బిడ్డ ముఖము చూడకమునుపే పెద్దల యోగ్యత తేలవలెను. ముఖము చూచి మనసుపడిన పిదప కాగితమును మనసునకు తగినట్లు వంచరాదు. కన్నతల్లి విషయమునను ఇట్టి జాగ్రత్తయే కలదు: బిడ్డను అప్పగించిన తల్లికి మనసు మార్చుకొనుటకు మన చట్టము రెండునెలల గడువిచ్చినది.

దీనిపై ఒక ఆక్షేపణ గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. పెద్దలు ఫారములు నింపుచుండగా బిడ్డ శిశుగృహములో పెరుగుచుండును. మొదటి యడుగు ఎవరును చూడరు. మొదటి మాట ఎవరును వినరు. నిష్కారణమైన ఆలస్యము క్రౌర్యమే యని మేమును ఒప్పుకొందుము. అధికారి బల్లమీద ఊరక పడియున్న ప్రతి దినమును ఆ బిడ్డనుండి దొంగిలించిన దినమే. కాని విచారణ వేరు, అలసత వేరు. అలసతకు మందు అధికారులను త్వరపెట్టుట గాని సత్యమును కుదించుట గాదు. కాగితము చిన్నదని అలక్ష్యము చేసినవారి బిడ్డల గతియు చూడుడు. అమెరికాకు దత్తత పోయిన కొందఱి తల్లిదండ్రులు చివరిదైన పౌరసత్వపు అర్జీని మఱచిరి. 2000వ సంవత్సరపు చట్టము 2001 ఫిబ్రవరి 27 నాటికి పదునెనిమిదేండ్లు నిండని వారికే తనంతట పౌరసత్వమిచ్చెను. ఆ వయస్సు దాటినవారిలో కొందఱు, ఏదో నేరముచేసి పట్టుబడిన పిమ్మట, భాషయైన రాని జన్మదేశమునకు త్రోసివేయబడిరి. తల్లిదండ్రుల మఱపునకు శిక్ష బిడ్డలు అనుభవించిరి.

ఇంతవరకు వచ్చునప్పటికి మా మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. కన్నబిడ్డకు తాతలు, మేనమామలు, ఇరుగుపొరుగువారు వేయికన్నుల కాపలా. దత్తతపోవు బిడ్డకు ఎవరున్నారు? తన తరపున ఒక్క మాట పలుకలేనిది. ఎవరి యింటికి పోవుచున్నదో యెరుగనిది. ఆ కాగితములే దాని బంధువులు. సాక్షిలేఖ వ్రాయువాడు తాను దంపతుల పక్షమున వ్రాయుచున్నానని తలంచును. నిజమునకు అతడు బిడ్డ పక్షమున వాఙ్మూల మిచ్చుచున్నాడు. అట్టివాడు దయచేతనైనను అబద్ధము వ్రాసినచో, ఆ దయ యొకరికి, నష్టము మఱియొకరికి.

అయినను చిక్కు తీరలేదు. శిష్యుని జబ్బు శిష్యునిది. దానిని వాని వెనుక బయటపెట్టుటకు మాకు అధికారమేది? మమ్ము అడుగకపోయినచో మౌనమే ధర్మము. కాని అడిగిరి. అడిగినచోట మౌనము అబద్ధమునకు మాఱుపేరు. కావున మేము ఇట్లు జాబు వ్రాసితిమి: “నాయనా, నీ రహస్యమును నేను చెప్పను, నీకొఱకు అబద్ధమును ఆడను. ముందుగా నీవే వారితో చెప్పుము. తరువాత నే చూచినదంతయు వ్రాసెదను: నీవు పడిన రోజులను, లేచిన రోజులను కూడ. అది నీకు సమ్మతము కానిచో వేఱొక సాక్షిని చూచుకొనుము, నాకు కోపములేదు. ఒక్కటి యోచింపుము. రేపు నీ కూతురు దుఃఖముతో మంచము పట్టినచో, దానిని దాచుకొమ్మని చెప్పుదువా, వైద్యుని యొద్దకు పోదమని చెప్పుదువా?”

పదునైదు దినములు బదులు రాలేదు. ఒక మంచి శిష్యుని పోగొట్టుకొంటి మనియే తలంచితిమి. అబద్ధమునకు బలియైన స్నేహము కంటె సత్యమునకు బలియైన స్నేహము తక్కువ బాధ పెట్టునని పుస్తకములలో చదివియుందుము. అది నిజము కాదు.

పదునాఱవ దినమున రెండు పంక్తులు వచ్చినవి: “చెప్పేశాను మాస్టారూ. ఆవిడ గంటసేపు విన్నది, డాక్టరు కాగితం ఒకటి అడిగింది. మీరిక వ్రాయండి.” మేము ఆ రాత్రియే వ్రాసితిమి. పత్రములు ఇంకను నడుచుచున్నవి. బిడ్డ ఇంకను రాలేదు. వచ్చునో రాదో మే మెరుగము. కాని ఏనాటికైన ఒక యువతి తన కథ తెలిసికొనగోరి ఆ కట్ట విప్పినచో, అందు మా చేవ్రాలు గల యొక పుట యుండును. అధికారి దానిని ఒక్కసారి చదివి ప్రక్కన పెట్టును. ఆమె మాత్రము మరల మరల చదువును. మేము ఆ లేఖ వ్రాసినది ఆమెకే.