దూరదేశపు చదువు, దారిలోని అపాయం: పూచీ ఎవరిది?

చదువు కోసం ఒక మనిషిని దూరదేశం పంపినప్పుడు దారిలో ఎదురయ్యే అపాయానికి పూచీ ఎవరిది? పంపిన సంస్థదా, వెళ్లిన విద్యార్థిదా, లేక దైవానిదా? విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులను ఒక సెమిస్టరుకో, ఏడాదికో విదేశాలకు పంపే పద్ధతి వచ్చాక ఈ పాత ప్రశ్నకు కొత్త బరువు వచ్చింది. 1923లో అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయం ఎనిమిది మందిని ఫ్రాన్స్‌కు పంపడంతో అమెరికాలో ఈ పద్ధతి మొదలైంది. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పథకం వచ్చింది. అప్పటినుంచి లక్షల మంది విద్యార్థులు పొరుగు దేశాల్లో చదువుకున్నారు. ఇలాంటి చాలా కార్యక్రమాల్లో పాఠంతో పాటు బస, రవాణా, విహారం కూడా సంస్థే చూస్తుంది. పూచీ ప్రశ్న పుట్టేది అక్కడే.

విద్య కోసం ప్రాణాలకు తెగించడం మాత్రం కొత్తది కాదు. 7వ శతాబ్దంలో చైనా భిక్షువు హ్యూయన్ త్సాంగ్, దేశం దాటరాదన్న రాజాజ్ఞను లెక్కచేయక బయలుదేరి, ఎడారులూ మంచుకొండలూ దాటి నలంద చేరాడు. ఆ తర్వాత ఆంధ్రదేశానికి వచ్చి ధాన్యకటకంలో కొంతకాలం ఉండి అభిధర్మం చదువుకున్నాడు. 671లో ఓడెక్కిన మరో చైనా భిక్షువు ఇత్సింగ్, తనలాగే ధర్మాన్వేషణకు బయలుదేరిన 50 మందికి పైగా భిక్షువుల చరిత్రలు రాశాడు. వారిలో చాలామంది మళ్లీ స్వదేశం చూడలేదు. ఇటు బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే కార్యాల్లో చేర్చింది. ఒక సంప్రదాయం అపాయాన్ని విద్యకు మూల్యంగా గౌరవించింది, మరొకటి ప్రయాణాన్నే వద్దంది. అయినా రెండింటిలోనూ నిర్ణయమూ వెళ్లేవాడిదే, ఫలితమూ వెళ్లేవాడిదే. రుసుము తీసుకుని, దారి నిర్ణయించి, బండి ఎక్కించే సంస్థ ఆ ఊహల్లో లేదు.

ఆధునిక ప్రయాణంలో అపాయం ఏ రూపంలో వస్తుందో ముందు తెలియాలి. పరదేశం అనగానే కుటుంబాలు ఉగ్రవాదానికీ అల్లర్లకూ భయపడతాయి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం రోడ్డు ప్రమాదాలే. విదేశీ చదువుల్లో జరిగిన పెద్ద విషాదాల్లో కొన్ని ఆ మాటే చెబుతాయి. 1996 మార్చిలో, ఓడపైనే పాఠాలు చెబుతూ ప్రపంచం చుట్టే ఒక అమెరికన్ కార్యక్రమపు విద్యార్థులు తాజ్‌మహల్ చూడటానికి వెళ్తుండగా రాత్రివేళ బస్సు బోల్తాపడి నలుగురు విద్యార్థులు మరణించారు. 2016 మార్చి 20న స్పెయిన్‌లో, వాలెన్సియా ఉత్సవం చూసి బార్సిలోనాకు తిరిగి వస్తున్న బస్సు ప్రమాదానికి గురై 13 మంది ఎరాస్మస్ విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయారు. రోడ్డు తర్వాత నీళ్లు. 2014 జూన్ 8న హైదరాబాద్‌లోని ఒక ఇంజినీరింగ్ కళాశాల విహారయాత్రకు హిమాచల్‌ప్రదేశ్ వెళ్లిన 24 మంది విద్యార్థులు, లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో, బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అది స్వదేశంలో జరిగిన యాత్రే అయినా, అపరిచిత స్థలానికి సంస్థ తీసుకెళ్లిన పిల్లల విషయంలో పూచీ ప్రశ్న మారదు.

ఈ ప్రశ్నకు మొదటి సమాధానం స్వేచ్ఛను ఆధారం చేసుకుంటుంది. విశ్వవిద్యాలయ విద్యార్థి మేజర్. తన జీవితం గురించి తాను నిర్ణయించుకోగలడు. తెలిసి ఒప్పుకున్న అపాయానికి తానే కర్త. జాన్ స్టువర్ట్ మిల్ 1859లో ప్రచురించిన ‘ఆన్ లిబర్టీ’లో ఈ వాదానికి మంచి ఉదాహరణ ఉంది. కూలే స్థితిలో ఉన్న వంతెన ఎక్కబోయేవాడికి ఆ సంగతి తెలియక, చెప్పే వ్యవధి కూడా లేకపోతే, అతన్ని పట్టి ఆపడం అతని స్వేచ్ఛకు భంగం కాదు. కూలుతుందన్న నిశ్చయం లేక కేవలం ప్రమాదముంటే, హెచ్చరించి నిర్ణయం అతనికే వదలాలి. ఇక్కడ మిల్ స్వేచ్ఛతో పాటు హెచ్చరించే బాధ్యతను కూడా స్థాపించాడు. తెలియని అపాయానికి సమ్మతి ఉండదు.

ప్రయాణానికి ముందు విద్యార్థుల చేత సంతకం చేయించే, ఏం జరిగినా సంస్థకు పూచీ లేదనే పత్రాల బలహీనత ఇదే. 2007లో కనెక్టికట్‌లోని ఒక ప్రైవేటు పాఠశాల విద్యార్థిని చైనా యాత్రలో కొండ దిగుతూ పిడుదు పురుగు కాటువల్ల మెదడువాపు సోకి మాట కోల్పోయింది. అలాంటి వ్యాధి గురించి హెచ్చరించి, రక్షణ చెప్పే బాధ్యత పాఠశాలకు ఉందని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. సమ్మతికి మరో షరతు కూడా ఉంది: కాదనే వీలు. రాత్రి బస్సెక్కనంటే మార్కులు పోతాయన్న చోట, బృందం నుంచి వెలివేస్తారన్న భయం ఉన్న చోట, సంతకం ఉన్నా సమ్మతి లేదు.

రెండో సమాధానం సంరక్షణను ఆధారం చేసుకుంటుంది. ఆపస్తంబ ధర్మసూత్రం ప్రకారం ఆచార్యుడు శిష్యుణ్ణి కన్నకొడుకులా చూసుకోవాలి. అతని చదువుకు ఆటంకమయ్యేలా సొంత పనులకు వాడుకోకూడదు. తల్లిదండ్రులు బిడ్డను కళాశాలకు అప్పగించామని అనుకోవడంలో ఉన్నది ఈ భావమే. అప్పగింత గురించి ధర్మశాస్త్రాలు ‘నిక్షేపం’ పేరుతో ప్రత్యేక ప్రకరణమే రాశాయి. దాచమని ఇచ్చిన వస్తువును నమ్మకంగా కాపాడి తిరిగి ఇవ్వాలి. రాజు వల్లగానీ, దైవం వల్లగానీ, దొంగల వల్లగానీ పోతే మాత్రం దాచినవాడి దోషం లేదని యాజ్ఞవల్క్య స్మృతి మినహాయించింది.

ఈ పోలిక కొంతదూరమే పనికొస్తుంది. దాచిన నగకు కోరిక ఉండదు, పెట్టెలో ఉంటేనే దానికి క్షేమం. విద్యార్థి అలా కాదు. ఏ అపాయమూ తగలకుండా గదిలో కూర్చోబెట్టి తిరిగి పంపితే ప్రయాణపు ప్రయోజనమే పోతుంది. తెలియని భాషలో తడబడటం, ఊరు కాని ఊళ్లో దారి వెతుక్కోవడం, ఒంటరితనాన్ని తట్టుకోవడం ఆ చదువులో భాగాలు. వాటిని తొలగించే సంరక్షణ విద్యార్థిని చిన్నపిల్లవాణ్ణి చేస్తుంది.

ఇక మూడోది దైవం. ఒకే రాత్రి, ఒకే దారిలో రెండు బస్సులు వెళ్తాయి, రెండిటి డ్రైవర్లూ నిద్రలేమితో ఉన్నారు, ఒకటే బోల్తాపడుతుంది. రెండో బస్సును పంపినవారి తప్పు తక్కువా? తత్త్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1970లలో ‘నైతిక అదృష్టం’ పేరుతో చర్చించిన చిక్కు ఇది. మన స్మృతులూ ఇతిహాసాలూ దైవానికీ పురుషకారానికీ మధ్య జరిపిన విచారం కూడా ఇక్కడికే చేరుతుంది. ఫలితాన్ని బట్టి నష్టపరిహారం మారవచ్చు, దోషం మాత్రం అజాగ్రత్తలోనే ఉంది. సురక్షితంగా చేరిన బస్సు కూడా పంపినవారిని నిర్దోషుల్ని చేయదు. బియాస్ కేసులో 2016లో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు పరిహారాన్ని విద్యుత్ బోర్డు 60 శాతం, కళాశాల 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలని పంచింది. మనుషులు తీసుకోగలిగిన జాగ్రత్త ఉన్నంతమేరా దైవం మీద భారం వేయడం కుదరదని ఆ తీర్పు అర్థం.

ఈ మూడింటినీ కలిపి చూస్తే అపాయాలు రెండు రకాలని తేలుతుంది. చదువుతో విడదీయలేనివి మొదటి రకం. భూకంపాల ప్రాంతంలో భూగర్భశాస్త్రం, అంటువ్యాధులున్న చోట వైద్యం నేర్చుకోవడం ఇలాంటివి. వీటిని ఉన్నదున్నట్టు చెప్పి, కాదనే వీలిచ్చి, విద్యార్థి నిర్ణయానికి వదలాలి. చదువుతో సంబంధం లేనివి రెండో రకం: అలసిన డ్రైవరు, బెల్టుల్లేని బస్సు, పరిశీలించని నదీతీరం, డబ్బు ఆదా కోసం పెట్టిన రాత్రి ప్రయాణం. వీటిని విద్యార్థి నెత్తిన పెట్టే హక్కు ఏ సంస్థకూ లేదు. ఏ సంతకమూ ఆ హక్కు ఇవ్వలేదు. విద్యార్థులు సొంతంగా వేసుకున్న యాత్రల్లో సంస్థ పూచీ తగ్గుతుంది గానీ, స్థానిక రోడ్ల గురించీ నీళ్ల గురించీ హెచ్చరించే బాధ్యత తగ్గదు.

సత్యం చెప్పడం ఈ బాధ్యతల్లో మొదటిది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2014లో, విదేశీ కార్యక్రమాల్లో జరిగిన మరణాలనూ ఆసుపత్రి చేరికలనూ విద్యాసంస్థలు ప్రభుత్వానికి నివేదించాలని చట్టం చేసింది. అంతకుముందు ఐదేళ్లలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు మరణించారని కేంద్ర ప్రభుత్వం 2024 జులైలో లోక్‌సభకు తెలిపింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లేవారిలో చాలామంది బ్యాంకు అప్పుతో, కన్సల్టెన్సీ మాట నమ్మి వెళ్తున్నారు. సీటు గురించీ వీసా గురించీ చెప్పి రుసుము తీసుకునేవారు రోడ్లు, ఈత, అద్దె గదులు, రాత్రి ఉద్యోగాల అపాయాలు కూడా చెప్పి తీరాలి. తల్లిదండ్రులు ఆ ప్రశ్నలు అడిగి తీరాలి. తెలిసి ఎంచుకున్న అపాయం విద్యార్థి స్వేచ్ఛలో భాగం. దాచిపెట్టిన అపాయం పంపినవారి దోషం.