పైవాటా పొరుగువాడు

పొరుగువానిని ప్రేమింపవలెనని మనమందరము బాల్యమునుండి నేర్చుకొనియున్నాము. అయితే ఆ పొరుగువాడు ఎక్కడ నివసించును? పల్లెలో అతడు దడికి అవతల ఉండెను. అతని ఇంటికిని మన ఇంటికిని నడుమ ఒక వేపచెట్టో, పశువులపాకయో, కొంత ఖాళీ స్థలమో ఉండెను. నేడు హైదరాబాదులోనేమి, విశాఖపట్టణములోనేమి, చెన్నై, ముంబయి, భిలాయి, ఖరగ్‌పూరులలోనేమి, అద్దె వాటాలలో కాపురముండు తెలుగువారికి పొరుగువాడు నెత్తిమీదనే యున్నాడు. అతని నేల మన పైకప్పు. అతడు రాత్రి పదకొండు గంటలకు ఇనుప మంచము ఈడ్చిన యెడల ఆ చప్పుడు మన పడకగదిలోనే పుట్టినట్లుండును. అతని ఇంట తెల్లవారుజామున రోటిలో పచ్చడి నూరిన యెడల మన గుండెలమీద నూరినట్లుండును.

ఇట్టి పొరుగువానియెడల మన కర్తవ్యమేమి? సహించి ఊరకుండుటయా, వెళ్లి అడుగుటయా? ప్రశ్న చిన్నదిగా కనబడవచ్చును. కాని రాత్రి విధులు ముగించుకొనివచ్చి పగలు నిద్రింపవలసిన నర్సుకును, గుండెజబ్బుతో మంచమునబడిన వృద్ధునికిని, పరీక్షకు చదువుకొను బిడ్డకును ఇది చిన్న సంగతి కాదు. అంతకంటె గంభీరమైన సంగతి మరియొకటి కలదు. ద్వేషము మన హృదయములో ప్రవేశించుటకు గొప్ప అన్యాయమే జరుగనక్కరలేదు. ప్రతి రాత్రి వినబడు ఒక కుర్చీ చప్పుడు చాలును.

మొదట ఈ శబ్దము యొక్క స్వభావమును గ్రహింతము. మాటలు, పాటలు గాలిలో ప్రయాణము చేయును. కాంక్రీటు శ్లాబు బరువైనది గనుక వాటిని చాలవరకు ఆపగలదు. అడుగుల చప్పుడు, కుర్చీ ఈడ్పు, రోకటిపోటు అట్టివి కావు. అవి శ్లాబునే తాకి దానిని కంపింపజేయును. అప్పుడు మన పైకప్పు డప్పు తోలువలె మ్రోగును. క్రిందివారు తలుపులును కిటికీలును మూసికొనినందున ప్రయోజనము లేదు. దెబ్బ తగులు చోటనే దానిని మెత్తపరచవలెను. కుర్చీకాళ్లకు రబ్బరు తొడుగులు, రోటిక్రింద మడతపెట్టిన గోనెసంచి, పిల్లలు ఆడుకొను గదిలో ఒక జంపఖానా చాలవరకు ఆ పని చేయును. ఖర్చు స్వల్పమే, కాని అది పైవాటాలోనే జరుగవలెను.

ఇందులోనే మన ప్రశ్నకు మూలమున్నది. శబ్దమును మాన్పగలవాడు పైవాడు. దానిని వినువాడు క్రిందివాడు. కుర్చీ జరుపునప్పుడు పైవాడు వినునది ఒక క్షణకాలపు కీచు మాత్రమే. క్రింద అది ఉరుమగుచున్నదని అతనికి అతని చెవి సాక్ష్యమియ్యదు. ఎవరైనను వచ్చి చెప్పిననే గాని అతడెన్నటికిని ఎరుగజాలడు.

అయినను మనమేమి చేయుదుము? చప్పుడును విని, ఆ చప్పుడునుండి మనిషిని కల్పించుకొందుము. "కావలెననియే చేయుచున్నాడు, క్రింద మనుష్యులున్నారను తలంపే లేదు, పొగరుబోతు" అని తీర్పు తీర్చుదుము. అతని ముఖమును సరిగా చూచియుండము, పేరైనను అడిగియుండము. ఎదుటివాని కంటిలోని నలుసును గూర్చి ప్రభువు చెప్పిన మాట మనకు తెలియును. ఇక్కడ మనము నలుసునైనను చూడలేదు, చప్పుడు మాత్రమే విన్నాము. అయినను తీర్పు మాత్రము సిద్ధముగా నున్నది.

అప్పుడు కొందరు చీపురుకర్రతో పైకప్పును పొడిచెదరు. ఇది చప్పుడుకు చప్పుడు, మాట కాదు. దానివలన పైవానికి మన కోపము తెలియునుగాని మన బాధ తెలియదు. మరికొందరు నేరుగా ఇంటి యజమానికి ఫిర్యాదు చేయుదురు. అద్దె ఇంటిలో యజమాని మాట ఎంత బరువైనదో మనకు తెలియనిది కాదు. పిల్లల బడి, తండ్రి ఉద్యోగము, అడ్వాన్సు సొమ్ము అన్నియు ఆ ఇంటితో ముడిపడియున్న కుటుంబమును, ఒక మాటైనను ముందుగా చెప్పక, ఖాళీ చేయుదురేమోనను భయములోనికి నెట్టుట న్యాయమా?

ఇంకను కొందరు ఏమియు చేయక ఊరకుందురు. దానిని ఓర్పు అందురు. ఒక చెంప కొట్టినవానికి రెండవ చెంప చూపవలెను గదా యని వాక్యమును కూడ చూపుదురు. ఈ మాటను జాగ్రత్తగా పరిశీలింపవలెను. చెంప కొట్టినవాడు తాను కొట్టితినని ఎరుగును; అట్టివానిపై పగ తీర్చుకొనకుమని ఆ బోధ. తాను బాధించుచున్నానని ఎరుగనివానిని అట్లే ఎరుగనివానిగా విడిచిపెట్టుమని దాని భావము కాదు. లేవీయకాండము 19వ అధ్యాయములో పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞ 18వ వచనములో నున్నది. దానికి ముందు వచనములో, హృదయములో పగ దాచుకొనక పొరుగువానిని తప్పక హెచ్చరింపవలెనని యున్నది. ఈ రెండును ప్రక్కప్రక్కనే ఉండుట కేవలము యాదృచ్ఛికము కాదు. హెచ్చరింపనివాడు పగ దాచుకొనును. పగ దాచుకొనినవాడు ప్రేమింపజాలడు. ప్రతి చప్పుడును లెక్క వ్రాసికొనుచు నోరు మూసికొనియుండు మౌనము ఓర్పు కాదు, అది వడ్డీతో పెరుగు అప్పుపత్రము. ఒకనాడు ఆ మొత్తము ఒక్కసారిగా వసూలునకు వచ్చును. మెట్లమీద పెద్ద రభస జరుగును. పైవాడు తన తప్పేమో తెలియక నివ్వెరపోవును.

కాబట్టి అడుగుటయే ప్రేమ. అయితే ఎట్లు అడుగవలెను? మత్తయి 18వ అధ్యాయములోని క్రమము ఇక్కడను పనికివచ్చును: మొదట ఒంటరిగా వెళ్లవలెను. చప్పుడు వినబడుచున్నప్పుడు కాక, మరునాడు కోపము చల్లారిన పిమ్మట వెళ్లవలెను. అన్ని నేరములును ఏకరువు పెట్టక, ఒక్క విన్నపము చేయవలెను. "వదినగారూ, మా మామగారికి రాత్రులు నిద్ర పట్టుట లేదు. పది దాటిన తరువాత మంచము ఈడ్వక ఎత్తి జరిపించెదరా? మీ కుర్చీలకు రబ్బరు తొడుగులు నేనే తెచ్చిపెట్టెదను" అని చెప్పిన యెడల కాదనువారు అరుదు. వెళ్లునప్పుడు ఖాళీ చేతులతో గాక, ఇంట వండినది ఒక గిన్నెడు పట్టుకొని వెళ్లుట మన ఇండ్లలో ఉన్న పద్ధతియే గదా.

ఇట్లు పరిచయము కలుగుటవలన మరియొక మేలున్నది. అమెరికా మనస్తత్త్వవేత్తలైన డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనువారు శబ్దమును గూర్చి తాము చేసిన ప్రయోగములను 1972లో ఒక గ్రంథముగా ప్రకటించిరి. ఎప్పుడు వచ్చునో తెలియని శబ్దము మనిషిని ఎక్కువగా అలసింపజేయునని వారు కనుగొనిరి. కావలసినప్పుడు శబ్దమును ఆపుటకు ఒక మీట ఇయ్యబడినవారు, దానిని నొక్కకపోయినను, ఇతరులకంటె తక్కువగా అలసిరి. పైవాటావారితో స్నేహము అట్టి మీటయే. అడిగిన యెడల ఆపుదురను నమ్మకమున్నచో, అనేక పర్యాయములు అడుగవలసిన అక్కరయే కలుగదు.

అన్నిటిని అడుగవచ్చునా? కూడదు. పసిబిడ్డ ఏడ్పు, ముసలివారి దగ్గు, నడిరేయి రోగియొద్దకు నడచు తల్లి అడుగులు జీవితము యొక్క ధ్వనులు. వాటిని భరించుటయే నిజమైన ఓర్పు. అజాగ్రత్తవలన కలుగు చప్పుడును గూర్చి అడుగవచ్చును. మరల మరల అడిగినను లక్ష్యపెట్టని యెడల ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లుట, సంఘమునకో యజమానికో చెప్పుట, తుదకు అధికారుల నాశ్రయించుట దోషము కాదు. మన దేశములో 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములకు పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు. రాత్రి పది మొదలు ఉదయము ఆరువరకు రాత్రిగా ఎంచబడును. పది డెసిబెల్లుల తేడా అనగా శబ్దశక్తిలో పదిరెట్ల తేడా. నిద్రించువాని హక్కును చట్టము అంతగా గౌరవించినది. ఏదియు ఫలింపక ఇల్లు మారవలసివచ్చినను అది ఓటమి కాదు. పగ లేకుండ వెళ్లగలిగిన యెడల జయమే.

చివరిగా మనలను మనము ప్రశ్నించుకొనవలెను. మనము కూడ ఎవరికో పైవాటావారమే. మన గృహకూటములు, ఉపవాస ప్రార్థనలు, డోలక్కుతో పాడు పాటలు క్రిందివారికి ఎట్లు వినబడుచున్నవి? తెల్లవారుజామున గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించినను అది శాపముగా ఎంచబడునని సామెతల గ్రంథము 27వ అధ్యాయములో హెచ్చరించుచున్నది. చెన్నైలోని ఒక సంఘమునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2000వ సంవత్సరమున తీర్పు చెప్పుచు, ఇతరుల శాంతిని భంగపరచుచు ప్రార్థించుమని ఏ మతమును విధింపలేదని తేల్చెను. ఆ మాట న్యాయస్థానము మనకు చెప్పవలసివచ్చుట విచారకరము. దేవుడు మన గుసగుసను కూడ వినును. క్రిందివాటాలోని రోగికి మాత్రము నిద్ర కావలెను.

కావున, ప్రియ చదువరీ, పైనుండి చప్పుడు వచ్చినప్పుడు మెట్లెక్కి వెళ్లి ప్రేమతో చెప్పుము. క్రిందనుండి ఎవరైనను మెట్లెక్కి వచ్చినప్పుడు తలుపు తీసి, కూర్చుండబెట్టి, ప్రేమతో వినుము. వారు రాకమునుపే నీవు దిగివెళ్లి, "మా ఇంటి చప్పుడు మీకు ఇబ్బందిగా నున్నదా?" అని అడిగిన యెడల అది మరింత శ్రేష్ఠము.