బయోడేటాలో ఆ రెండేళ్ళు



మీ ఇంట్లో ఉద్యోగం వెతుక్కుంటున్న బిడ్డ ఉంటే ఈ మాట మీకోసమే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నాలుగడుగులు వేయండి. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు. బోర్డు లేని వ్యాపారం ఇంకొకటి నోటిమాటగా సాగుతుంటుంది. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం, అందని జీతానికి పే స్లిప్పులు అమ్మే వ్యాపారం.

ఒక ఆదివారం పూజ ముగిశాక ఎల్.బి.నగర్ వైపు నుండి వచ్చే ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. ఆమె కొడుకు 2021లో ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించింది ఆ సంవత్సరమే. అక్కడ హమాలీగా ఉన్న తండ్రికి పని తగ్గింది, ఆపైన జబ్బు చేసింది. కుర్రాడు రెండేళ్ళపాటు తండ్రిని చూసుకుంటూ, వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతూ ఇల్లు నెట్టుకొచ్చాడు. బయోడేటాలో మాత్రం ఆ రెండేళ్ళు ఖాళీ.

"డబ్బు కడితే ఆ ఖాళీ నింపి ఇస్తామంటున్నారు సార్. ఎవరికి నష్టం? ఇది పాపమేనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నెలనెలా పెన్షను అందుకునేవాడికి నీతులు చెప్పడం సులువు. పట్టుబడతారని భయపెట్టవచ్చు. అదీ నిజమే, పి.ఎఫ్. వారి 12 అంకెల యు.ఎ.ఎన్. ఖాతా చూస్తే ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేసిందీ బయటపడుతుంది. మరి పట్టుబడకపోతే?

అబద్ధ సాక్ష్యాన్ని నిషేధించిన ఎనిమిదవ ఆజ్ఞ పొరుగువాని ప్రస్తావన తెస్తుంది. ఇక్కడ ఆ పొరుగువాడెవరు? కంపెనీ యజమాని సంగతి అలా ఉంచండి. ఇంటర్వ్యూ గది బయట పక్క కుర్చీలో మరో పేదింటి పిల్ల కూర్చుని ఉంటుంది. అనుభవం లేదని నిజం రాసుకొచ్చిన పిల్ల. మనం కొన్న కాగితం ఆమె చోటును లాక్కుంటుంది.

అలాగని అన్నీ రాయాలని కాదు. మతం, కులం, పెళ్ళి వంటి వివరాలు పాత బయోడేటాల్లో ఉండేవి. పనికి సంబంధించనివి వదిలేయవచ్చు. అబద్ధమాడటం వేరు, వివేకంతో సత్యాన్ని తనలోనే ఉంచుకోవడం వేరు అని 13వ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు వివరించారు. మనమేమో ఉన్నదానికి సిగ్గుపడి, లేనిదాన్ని రాస్తాం. ట్యూషన్లు చెప్పడం అనుభవం కాదా? ఏ తరగతికి, ఎంతమందికి, ఎన్నాళ్ళు చెప్పాడో రాయమన్నాను. నేర్చిన కోర్సు, సొంతంగా చేసిన ప్రాజెక్టు కూడా రాయవచ్చు, అడిగితే అక్కడికక్కడే చేసి చూపగలిగితే.

కుర్రాడు రాసుకొచ్చాడు. "తండ్రి అనారోగ్యం" అన్నచోట తల్లి వేలు పెట్టి ఆపింది. "ఆయన జబ్బు సంగతి ఊరందరికీ ఎందుకు సార్?" ఆమె అన్నది సబబే. దాన్ని "ఇంటి బాధ్యతలు" అని మార్చాం. ట్యూషన్ల మాట అలాగే ఉంచాం.

ఇప్పటికి మూడు చోట్లకు పంపాడు. ఒకచోట పిలిచి, అనుభవం చాలదని పంపేశారు. నాలుగో చోటికి ఈ వారం వెళ్ళాలి.