మూలకణాలు: ఆశ ఎక్కడ, అంగడి ఎక్కడ?



మార్కు సువిశేషం ఐదవ అధ్యాయంలో పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన ఒక స్త్రీ మనకు కనిపిస్తుంది. ఆమె ఎందరో వైద్యుల చుట్టూ తిరిగింది, ఉన్నదంతా వారికి ధారపోసింది, అయినా జబ్బు తగ్గలేదు సరికదా ముదిరిందని మార్కు దాచకుండా చెబుతాడు. లూకా కూడా ఈ సంఘటనను వ్రాశాడు గాని, జబ్బు ముదిరిందన్న మాటను మాత్రం వదిలేశాడు. ఆయన వైద్యుడు గదా, తోటి వైద్యులమీద కాస్త దయ చూపాడేమో! మనం ప్రసంగాలలో ఆ స్త్రీ విశ్వాసాన్ని కొనియాడతాం. ఖాళీ అయిన ఆమె కొంగుముడిని గురించి ఆగి ఆలోచించం. ఈ వారం అక్కడ కొంచెం ఆగుదాం. ఎందుకంటే 'స్టెమ్ సెల్' అనే మాట ఇప్పుడు మన విచారణలలోని ఇండ్లకు కూడా చేరింది.

స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు. రైతుకు నారుమడి ఎలాంటిదో శరీరానికి ఇవి అలాంటివి. మన రక్తంలోని ఎర్రకణం సుమారు 120 రోజులు బ్రతుకుతుంది. పోయినవాటి స్థానంలో కొత్తవాటిని ఎముకల మూలుగలో ఉన్న మూలకణాలు ప్రతిదినం తయారు చేస్తూనే ఉంటాయి. ఆ మడి చెడితే లుకేమియా వంటి రక్తవ్యాధులు వస్తాయి. అప్పుడు చెడిన మడిని మందులతో తీసివేసి, మరొకరి మూలుగ కణాలను ఎక్కిస్తారు. ఈ మార్గం చూపిన అమెరికా వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. కనుక మూలకణ చికిత్స నిన్న మొన్న పుట్టిన వింత కాదు, అబద్ధమూ కాదు.

మన హైదరాబాదునే చూడండి. పిల్లలు కిళ్ళీ సున్నం ప్యాకెట్టుతో ఆడుకుంటూ గట్టిగా నొక్కుతారు. అది పగిలి కంట్లో పడుతుంది. సున్నం నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను కాల్చివేస్తుంది. ఆ కణాలు లేకపోతే కంటి ముందరి పొర తిరిగి పెరగక మసకబారిపోతుంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు బాగున్న రెండవ కంటి అంచునుండి చిన్న ముక్క తీసి, దాన్ని మరీ చిన్న ముక్కలుగా చేసి, కాలిన కంటిమీద పరచిన ఉమ్మనీటి పొరపై నాటుతారు. పెద్ద ప్రయోగశాల అవసరం లేని ఈ పద్ధతిని వారు 2012లో ప్రపంచానికి వెల్లడించారు. ఒక బిడ్డ పుట్టినప్పుడు దానంగా ఇచ్చిన పొర మీద మరో బిడ్డ చూపు మొలకెత్తుతున్నది! సృష్టికర్త మన దేహంలో దాచిన ఈ శక్తిని వెదికి తీసేవారిని శ్రీసభ ఎన్నడూ అడ్డుకోలేదు.

మరి శ్రీసభ వద్దన్నది ఏమిటి? 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ మానవ పిండాలనుండి మూలకణాలను వేరుచేశాడు. అవి ఏ అవయవంగానైనా మారగల కణాలు. అయితే వాటిని తీయాలంటే ఐదారు రోజుల పిండాన్ని చీల్చాలి, ఆ పిండం చనిపోతుంది. ఇక్కడే శ్రీసభ గీత గీసింది. పిండాన్ని చంపరాదని 1987 నాటి 'దోనుమ్ వితే' బోధించింది, 2008 నాటి 'దిగ్నితాస్ పెర్సోనే' దాన్ని మూలకణాలకు ఇలా వర్తింపజేసింది: పెద్దవారి శరీరంనుండి, బిడ్డ పుట్టాక బొడ్డుతాడు రక్తంనుండి తీసిన కణాలు సమ్మతమే, పిండాన్ని చంపి తీసినవి మాత్రం కావు. 2017 మే నెలలో హంటింగ్టన్ వ్యాధిగ్రస్తులను రోములో కలుసుకున్నప్పుడు ఫ్రాన్సిస్ పాపుగారు ఇదే మాట చెప్పారు. నయంకాని జబ్బుతో వణుకుతున్న వారి ముఖాలు చూస్తూ ఆ మాట చెప్పడం తేలిక కాదు.

జపాను శాస్త్రవేత్త షిన్యా యమనాకా సంగతి మీకు చెప్పాలి. ఆయన ఒకసారి స్నేహితుని సంతాన చికిత్సాలయంలో సూక్ష్మదర్శినిలో ఒక పిండాన్ని చూశాడు. దానికీ తన కూతుళ్ళకూ తేడా ఎంతో తక్కువ గదా అనిపించిందట. పిండాలను నాశనం చేయకుండా మరో దారి ఉండి తీరాలని ఆయన వెదికాడు. 2006లో ఎలుక కణాలను, 2007లో మానవ చర్మ కణాలను నాలుగు జన్యువుల సాయంతో తిరిగి మూలకణాల స్థితికి తెచ్చాడు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మనస్సాక్షి విజ్ఞానానికి కాలికట్టు అనేవారు ఈ కథ చదవాలి.

అలాగని పోరాటం ముగిసిందని చంకలు కొట్టుకోవద్దు. యమనాకా పద్ధతిలో చేసిన కణాలను 2014లో జపానులో ఒక వృద్ధురాలి కంటి రెటీనాలో అమర్చారు. రెండవ రోగికి తయారుచేసిన కణాలలో జన్యు మార్పులు కనబడడంతో 2015లో ఆ ప్రయోగం ఆపివేశారు. మరోవైపు 2025లో వెలువడిన ఒక ప్రయోగ ఫలితం ప్రకారం, మొదటి రకం మధుమేహంతో ఉన్న 12 మందికి ప్రయోగశాలలో పెంచిన కణాలు ఎక్కించగా 10 మందికి ఏడాది తరువాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. ఆ కణాల మూలం మాత్రం మానవ పిండం. రోజూ బిడ్డకు సూది గుచ్చే తల్లి ఈ వార్త చదివితే ఆమెకు మనం ఏం చెబుతాం? ఫలితం మంచిదైనంత మాత్రాన అక్కడికి పోయిన దారి మంచిది కాబోదని చెప్పాలి. అంతటితో ఊరుకోరాదు. 2024లో చైనాలో ఒక యువతికి తన సొంత కణాలనుండే చేసిన మూలకణాలతో ఇదే మేలు జరిగిందని, ఆ దారి మూసుకుపోలేదని కూడా చెప్పాలి. వద్దు అనే మాట ఒక్కటే చెప్పి బల్లమీద గుద్దితే, ఆ తల్లి గుడి మెట్లు దిగి వెళ్ళిపోతుంది.

నిజానికి మన ఊళ్ళలో ఎదురయ్యే చిక్కు పిండం కాదు, అంగడి. మా విచారణలో ఆటో నడుపుకునే ఒక కుటుంబం ఉంది. వారి ఆరేళ్ళ బాబు సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేడు. ఎవరో ఒక చికిత్సాలయం వారు మూడు విడతల మూలకణ ఇంజెక్షన్లు, ఆరు లక్షలు అన్నారట. "అర ఎకరం ఉంది, అమ్మేయమంటారా ఫాదర్ గారూ?" అని ఆ దంపతులు వచ్చారు. నేను వైద్యుణ్ణి కాను. తెలిసిన పిల్లల డాక్టరమ్మతో మాట్లాడి, ఆమె చెప్పిన రెండు ప్రశ్నలు వ్రాసి ఇచ్చాను. ఇది అనుమతి పొందిన చికిత్సా, లేక ప్రయోగమా? ప్రయోగమైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు ఎంత, మా దగ్గర డబ్బు ఎందుకు అడుగుతున్నారు? ఈ ప్రశ్నలు అడిగాక అవతలివారు ఫోను ఎత్తడం మానేశారు. పొలం మిగిలింది. ఆ తల్లి మాత్రం, "ఉన్న ఒక్క ఆశా తీసేశారు" అని చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆమెను నేను తప్పుపట్టలేను.

ఆ ప్రశ్నల వెనుక నియమం ఉంది. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధులకు చేసే మూలుగ మార్పిడి తప్ప, తక్కిన మూలకణ చికిత్సలు అనుమతి పొందిన ప్రయోగాలలోనే జరగాలి. ప్రయోగంలో చేరిన రోగి వద్ద రుసుము తీసుకోరాదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఆటిజంకు మూలకణ చికిత్స సిఫారసు చేయదగినది కాదని తేల్చింది. చదువుకున్నవారు మోసపోరనుకోకండి. అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు వృద్ధ స్త్రీలు తలా 5,000 డాలర్లు చెల్లించి, తమ కొవ్వునుండి తీసిన కణాలను రెండు కళ్ళలోనూ వేయించుకున్నారు. ఉన్న కాస్త చూపూ పోయింది. హైదరాబాదులో చూపునిచ్చిన మాట, అక్కడ చూపు తీసింది.

కాన్పుకు వెళ్ళే అమ్మాయిలను పట్టుకునే బొడ్డుతాడు రక్తం బ్యాంకుల సంగతి కూడా ఇంతే. 1988లో పారిస్‌లో ఒక బాలునికి చెల్లెలి బొడ్డుతాడు రక్తం ఎక్కించి ప్రాణం నిలిపారు, అది నిజమే. కాని తన రక్తం తనకే పనికొస్తుందని వేలకు వేలు కట్టి దాచడం వేరు. తలసేమియాతో పుట్టిన బిడ్డకు తన బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది గదా! ఇంట్లో మరో బిడ్డకు అలాంటి జబ్బు ఉంటే మాత్రం డాక్టరును అడగండి.

నిజంగా నయం చేసే చికిత్సలకైతే ధర అడ్డం. మన మన్యంలోనూ ఆదిలాబాదు గూడేలలోనూ పీడించే సికిల్ సెల్ వ్యాధికి, రోగి సొంత మూలకణాలను సరిదిద్దే చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. గూడెంలో ఆ వెల పలికితే నవ్వుతారు, లేదా ఏడుస్తారు.

అయితే మనం డబ్బు లేకుండా ఇవ్వగలిగింది ఒకటుంది. మూలుగ మార్పిడికి దాత కణాలు రోగి కణాలతో సరిపోవాలి. తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. బయట వెదికితే ఒకే ప్రాంతపు, ఒకే జనసమూహపు వారిలో దొరకడం ఎక్కువ. తెలుగు రోగికి తెలుగు దాత కావాలి. చెన్నైలోని 'దాత్రి' వంటి సంస్థలు పేర్లు నమోదు చేసుకుంటాయి. మొదట బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. ఎప్పుడైనా పిలుపు వస్తే నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, ఆ తరువాత కొన్ని గంటలు పడుకుంటే ఒక చేతినుండి రక్తం తీసి, కణాలు వేరుచేసి, మిగతాది తిరిగి ఎక్కిస్తారు. ఇచ్చిన కణాలను శరీరం మళ్ళీ తయారు చేసుకుంటుంది. పద్ధతిగా చేసే అవయవదానాన్ని రెండవ జాన్ పాల్ పాపుగారు 1995 విశ్వలేఖలో దైనందిన జీవితంలోని వీరత్వాలలో లెక్కించారు.

యువజన సంఘాలవారికి ఒక మనవి. ఉత్సాహంలో పేరిచ్చి, పిలుపు వచ్చినప్పుడు ఇంట్లో వద్దన్నారని తప్పుకునేవారు ఉన్నారు. ఒప్పుకున్నాక చివరి రోజుల్లో తప్పుకుంటే, అప్పటికే రోగి సొంత మూలుగను మందులతో చంపేసి ఉండవచ్చు, అతనికి వెనక్కు పోయే దారి ఉండదు. అందుచేత పేరు ఇవ్వకముందే మీ అమ్మానాన్నలను, పెళ్ళయినవారు భార్యనో భర్తనో కూర్చోబెట్టి, ఇదంతా వివరంగా చెప్పండి.