రెండు బలహీనతల నడుమ

దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 54వ ఆయత్ మనిషి జీవితాన్ని మూడు మజిలీలుగా మన ముందుంచుతుంది. మొదట బలహీనత, దాని తర్వాత బలం, ఆ బలం తర్వాత మళ్లీ బలహీనత, దానికి తోడు నెరిసిన జుట్టు. గమనించండి సోదరులారా! బలం నడుమ ఉంది. అటూ ఇటూ బలహీనతే. పసివాడికి చేయి పట్టుకుని నడిపించేవారు కావాలి, వృద్ధుడికీ చేయి పట్టుకుని నడిపించేవారు కావాలి. నడుమ ఉన్న ఆ పాతిక ముప్ఫై ఏళ్లనే మనం 'నాది' అనుకుంటాం.

పొదిలి లాంటి ఊళ్లో ఈ ఆయత్‌ను వివరించడం కష్టమేమీ కాదు. మిరపకాయల బస్తాను ఒక్క ఊపున భుజానికెత్తిన హమాలీ కొన్నేళ్లు గడిచేసరికి మోకాళ్లు వంగక మసీదులో కుర్చీ మీద కూర్చుని నమాజు చేసుకుంటాడు. అందరి కళ్లముందూ జరిగేదే. కాని మా యువకులకు ఈ ఉదాహరణ రుచించదు. వారి ఫోన్లలో ఉన్నవాడు ఈజిప్టు ఆటగాడు ముహమ్మద్ సలాహ్. "హజ్రత్! గోల్ కొట్టి మైదానంలోనే సజ్దా చేస్తాడు చూశారా?" అని ఉత్సాహంగా అడుగుతారు. ఆట ఆడి సంపాదించడం హలాలేనా అని కూడా అడుగుతారు. మంచి ప్రశ్నే. దాన్ని విసుక్కుని తోసిపుచ్చడం మాకు ఇష్టం లేదు.

సలాహ్ 1992లో నైలు డెల్టాలోని నాగ్రిగ్ అనే పల్లెలో పుట్టాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడు శిక్షణ కోసం కైరోకు బస్సుల మీద బస్సులు మారి గంటల తరబడి ప్రయాణం చేసేవాడు. 2017లో ఇంగ్లండులోని లివర్‌పూల్ క్లబ్బులో చేరి, ఆ మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ చేశాడు. అతను వచ్చాక ఆ నగర ప్రాంతంలో ద్వేషపూరిత నేరాలు సుమారు 16 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు, 2021లో ఆ పరిశోధన ప్రచురితమైంది. ఒక ముస్లిం తన పని తాను శ్రద్ధగా చేసుకుంటూ, సజ్దాను దాచుకోకుండా బతికితే చూసేవారి మనసులు కొంతైనా మెత్తబడతాయనడానికి ఇది నిదర్శనమే. అలాగని అతణ్ణి ఆదర్శపురుషుడిగా నిలబెట్టడానికి మేము తొందరపడం. సజ్దా చేసిన ఆ చొక్కా మీదే ఒక పెద్ద బ్యాంకు పేరు ఉంటుంది. ఈ కాలపు క్రీడా ప్రపంచంలో హలాలూ హరామూ ఎంతగా ముడిపడి ఉన్నాయో ఆ ఒక్క చొక్కా చెబుతుంది.

అయితే ఆటగాడి జీవితాన్ని మొదటి మజిలీ నుంచి మూడో మజిలీ దాకా చూడాలంటే ఈజిప్టుదాకా పోనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఒకాయన ఉన్నారు. ముహమ్మద్ హబీబ్ సాహెబ్. నేటి కుర్రాళ్లలో ఎందరికి ఈ పేరు తెలుసో!

హబీబ్ 1949లో హైదరాబాదులో జన్మించారు. ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు. అక్కడ సయ్యద్ అబ్దుర్ రహీమ్ సాహెబ్ అనే బడి పంతులు ఉండేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ తినేస్తోంది. ఆ పతకం వచ్చి ఏడాదైనా తిరగకుండా 1963 జూన్‌లో కన్నుమూశారు. ఇతరుల కాళ్లకు బలం నేర్పుతున్న మనిషి సొంత ఊపిరితిత్తులు ఆ సమయానికే చేజారిపోయాయి.

అలాంటి ఊరి గల్లీల నుంచి వచ్చిన హబీబ్ 1966లో, పదిహేడేళ్ల ప్రాయంలో, కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్బు తరఫున ఆడారు. ఆ తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. ఆ నగరంలోని మూడు పెద్ద క్లబ్బులూ ఆయన కోసం పోటీ పడ్డాయి. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వాన కాంస్యం గెలిచిన భారత జట్టులో హబీబ్ ఉన్నారు. ఆ తర్వాత 2023 హాంగ్‌జౌ క్రీడల దాకా మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల నుంచి మరో పతకం తేలేదు. 1977 సెప్టెంబరు 24న బ్రెజిల్ మహా ఆటగాడు పెలే తన కాస్మోస్ జట్టుతో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చాడు. మోహన్ బగాన్ ఆ జట్టును 2-2తో నిలువరించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి మన హైదరాబాదీదే. 1980లో ప్రభుత్వం అర్జున అవార్డు ఇచ్చింది. కలకత్తా ఆయన్ను 'బడే మియాఁ' అని పిలుచుకుంది. ఆయన తమ్ముడు అక్బర్ కూడా పేరున్న ఆటగాడే.

ఈ విజయాలకంటే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. ఆ కాలంలో ఆటగాళ్లు రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం సంపాదించుకుని, జీతం అక్కడ తీసుకుని, సాయంత్రం వచ్చి ఆడేవారు. అది తప్పని కాదు, కుటుంబాలు గడవాలి కదా. హబీబ్ మాత్రం వచ్చిన ఉద్యోగాలను కాదనుకున్నారు. నేను ఆటకే కట్టుబడ్డాను, నా రోజంతా దానిదే అన్నట్లుగా జీవించారు. మన దేశపు మొట్టమొదటి అసలుసిసలు వృత్తి ఫుట్‌బాలర్ అని ఆయన్ను అనేది ఇందుకే. చేపట్టిన పనిని చక్కగా, పట్టుగా చేసేవాణ్ణి అల్లాహ్ ప్రేమిస్తాడని బైహఖీ హదీసు సంకలనంలో వచ్చింది. మన ఇళ్లలో ఈ గుణం ఎంత అరుదైపోయిందో చెప్పనక్కరలేదు. దుకాణంలో కూర్చున్నవాడి మనసు ఫోన్‌లో, మదర్సాలో కూర్చున్నవాడి మనసు దుకాణంలో!

ఇక మసలా విషయం. శరీరాన్ని దృఢంగా ఉంచే ఆట ఇస్లాంలో నిషిద్ధం కాదు. బలహీన విశ్వాసికంటే బలమైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయినా ఇద్దరిలోనూ మేలు ఉందని దైవప్రవక్త (స) తెలియజేశారు (ముస్లిం). ఆయన స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు (అబూ దావూద్). కాబట్టి ఆడండి. కాని నమాజు వేళ దాటిపోకూడదు. నాభి నుంచి మోకాలి దాకా శరీరం కప్పి ఉండాలి, ఈ విషయంలో ఆటగాళ్ల పొట్టి లాగులు పనికిరావు. ఎవరు గెలుస్తారోనని డబ్బు కాయడం జూదం. మాయిదా సూరా దాన్ని మద్యంతో కలిపి షైతాను పనిగా పేర్కొంది. మన ప్రాంతంలో బెట్టింగుల వల్ల పత్తి అమ్మిన సొమ్ము, ఆడబిడ్డ పెళ్లికి దాచిన సొమ్ము రాత్రికి రాత్రి ఎలా పోతున్నాయో అందరికీ తెలుసు. మైదానంలో అడుగైనా పెట్టనివాడు ఇంట్లో కూర్చుని ఆట పేరుతో నాశనమవుతున్నాడు. దీన్ని ఆట అనకండి.

మళ్లీ హబీబ్ సాహెబ్ దగ్గరికి వద్దాం. 1980ల తొలినాళ్లలో ఆయన ఆట నుంచి తప్పుకున్నారు. తర్వాత జంషెడ్‌పూర్‌లోని టాటా అకాడమీలో కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు. చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్స్ వ్యాధి పట్టుకుంది. చేతులు వణికించి, కాళ్ల కదలికను దోచుకునే జబ్బు అది. దానికి తోడు మతిమరుపు వ్యాధి. 2023 ఆగస్టు 15న, దేశమంతా జెండాలు ఎగురుతున్న రోజున, హైదరాబాదులో తుదిశ్వాస విడిచారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వయసు 74.

సోదరులారా! ఒక్క క్షణం ఆగండి. వేలాదిమంది నోట పలికిన గోల్స్ అవి. వాటిని చేసిన మనిషిని చివరికి ఆవరించింది జ్ఞాపకాన్ని తుడిచేసే జబ్బు. నహ్ల్ సూరా 70వ ఆయత్‌లో సరిగ్గా ఈ స్థితి గురించే ఉంది. మీలో కొందరు అతి నికృష్టమైన వయసుకు చేర్చబడతారు, అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియనివారైపోతారు అన్నది దాని భావం. అరబీలో దీన్ని 'అర్జలుల్ ఉముర్' అంటారు. ఇది శిక్ష కాదు సుమా! పుణ్యాత్ములకూ రావచ్చు. ఆలిములకు, హాఫిజులకు కూడా వచ్చింది. ఏదైనా ఇంట్లో పెద్దాయనకు ఈ స్థితి వస్తే, ఏ పాపం చేశాడో అని గుసగుసలాడేవారు నాలుకను అదుపులో పెట్టుకోవాలి.

అయితే మతి తప్పిన మనిషి కర్మల గ్రంథం ఏమవుతుంది? అతని నమాజు, జిక్రు, దానం అన్నీ అక్కడితో ఆగిపోతాయా? ఇక్కడే అల్లాహ్ కారుణ్యం చూడండి. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటిపట్టున ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన ఆచరణలే అతని ఖాతాలో రాయబడుతూ ఉంటాయని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. తీన్ సూరాలో మనిషిని ఉత్తమమైన రూపంలో సృష్టించి ఆపైన అధమ స్థితికి మళ్లించడం గురించి, విశ్వసించి సత్కార్యాలు చేసినవారికి మాత్రం తెగిపోని ప్రతిఫలం ఉండటం గురించి వచ్చింది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) నుంచి వచ్చిన ఒక వ్యాఖ్యానం ప్రకారం ఆ అధమ స్థితి అంటే ముదిమి. ఆ తెగిపోని ప్రతిఫలం యవ్వనంలో చేసిన పనులది.

'చేస్తూ వచ్చినవి' అన్న మాటను విడిచిపెట్టకండి. ఒకసారి చేసినవి కాదు. అలవాటుగా, ఎడతెగకుండా చేసినవి. ఇది ఆటగాడికి చెప్పనక్కరలేని విషయం. బంతి కాలికి తగిలే ఆ క్షణంలో ఆలోచించే వ్యవధి ఉండదు. వేలసార్లు చేసిన సాధనే అక్కడ కాలిని కదిలిస్తుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫజ్ర్ వేళ మసీదుకు రావడం కూడా అలాంటి సాధనే. చలికాలపు తెల్లవారుజామున దుప్పటి తొలగించి లేచే ఆ అలవాటును, యాభై ఏళ్ల తర్వాత తన కొడుకు పేరు కూడా గుర్తుకు రాని రోజున, దైవదూతలు అతని పేరన రాస్తూ ఉంటారు. రోజూ ఫజ్ర్ తప్పించినవాడి పేరన ఆ రోజున ఏం రాస్తారు?

హబీబ్ సాహెబ్ ఆరాధనల సంగతి ఆయనకూ ఆయన ప్రభువుకూ మధ్య ఉన్నది. మేము ఆయన మగ్‌ఫిరత్ కోసం దుఆ చేస్తాం, మీరూ చేయండి. మాకు కనిపించింది ఆయన వృత్తి మాత్రమే. అందులో ఆయన సగం మనసుతో బతకలేదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లవాడు బంతి వెంట పరిగెడుతున్నాడని ఎప్పుడూ కసురుకోకండి. ఆ వయసులో పరిగెత్తని కాళ్లు ఇంకెప్పుడు పరిగెడతాయి? అసర్ నమాజు తర్వాత ఆడనివ్వండి, మగ్‌రిబ్ అజాన్‌కు పిలవండి. మన మహల్లాలో మూడో మజిలీకి చేరిన పెద్దలు ఎవరి మూలగదిలో ఉన్నారో మీ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి చూపించండి. ఒకనాటి హమాలీ, ఒకనాటి మేస్త్రీ, ఒకనాటి పహిల్వాను. వారికి మనం గుర్తులేకపోవచ్చు. మనకు వారు గుర్తుండాలి కదా! ఆ పిల్లవాడి చేతనే ఒక గ్లాసు నీళ్లు తాగించండి.

హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) అల్లాహ్ మార్గంలో మొట్టమొదటి బాణం వేసిన వీరుడు. ఉహుద్ రోజున దైవప్రవక్త (స) స్వయంగా బాణాలు అందిస్తుంటే ఆయన సంధించారు. అంత భుజబలం ఉన్న ఆ సహాబీ తన పిల్లలకు, బడిలో పంతులు అక్షరాలు దిద్దించినట్లుగా, కూర్చోబెట్టి ఒక దుఆ నేర్పేవారని బుఖారీలో ఉంది. దైవప్రవక్త (స) నమాజు తర్వాత చేసిన దుఆ అది. పిసినారితనం నుంచి, పిరికితనం నుంచి, ప్రపంచపు పరీక్ష నుంచి, సమాధి శిక్ష నుంచి శరణు కోరే ఆ దుఆలో మరొకటి కూడా ఉంది: అర్జలుల్ ఉముర్‌కు మళ్లించబడటం నుంచి శరణు.