దూరపు చుట్టాలు

"మనమంతా నక్షత్ర ధూళి" అన్న మాట ఈమధ్య టీ షర్టుల మీద కూడా కనిపిస్తోంది. 1980లో కార్ల్ సేగన్ 'కాస్మోస్' టీవీ సిరీస్‌తో ఇంటింటికీ చేర్చిన ఆలోచన అది. వినడానికి కవిత్వంలా ఉంటుంది కానీ అక్షరాలా నిజం. మనిషి ఒంట్లో మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో ఎక్కువ భాగం రక్తంలోనే. ఆ ఇనుమంతా ఏవో నక్షత్రాల్లో పుట్టి, అవి పేలినప్పుడు చెల్లాచెదురై, చివరికి భూమిలో కలిసింది. మాది జంగారెడ్డిగూడెం. మెట్ట ప్రాంతం, ఎర్రనేల. వానాకాలంలో ఆ మట్టి చెప్పులకి అంటుకుందంటే ఓ పట్టాన వదలదు. ఆ ఎరుపు కూడా ఇనుము వల్లే. అంటే మా ఊరి మట్టికీ, నా రక్తానికీ, ఎప్పుడో ఆరిపోయిన నక్షత్రాలకీ చుట్టరికం ఉన్నట్టే.

ఇంతవరకూ బాగుంది. మరి ఈ చుట్టరికం నన్ను ఏమైనా చెయ్యమంటుందా? ఏదైనా మానుకోమంటుందా?

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, వాంతులు, కళ్లు తిరగడం. కొద్ది రోజుల్లోనే వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. బాధితుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానాలు వచ్చాయి. ఇక్కడే ఉంది తిరకాసు. సీసం కూడా నక్షత్రాల్లో పుట్టిందే. నికెలూ అంతే. విశ్వం లెక్కలో అవీ నక్షత్ర ధూళే, ఇనుమూ నక్షత్ర ధూళే. ఆ రెంటికీ తేడా తెలిసేది మన ఒంటికే. "అన్నీ ఒకటే" అన్న మాట ఎంత నిజమైనా, దేన్ని నీళ్లలో కలపొచ్చో దేన్ని కలపకూడదో అది చెప్పదు.

అందుకే ప్రకృతితో సంబంధం అనేవాళ్లని చూస్తే నాకు ముందు ఆ 'సంబంధం' అన్న మాట మీదే అనుమానం వస్తుంది. మన ఇళ్లల్లో సంబంధం అంటే ఉత్త అనుభూతి కాదు. సంబంధం కలుపుకున్నామంటే పెట్టుపోతలుంటాయి, రాకపోకలుంటాయి, అలకలుంటాయి. వాళ్లింట్లో చావైతే మనం వెళ్లి తీరాలి. దూరపు చుట్టాలతో ఈ బాధ లేదు. పేరు చెప్పుకుని మురిసిపోవచ్చు, వాళ్లు వచ్చి ఏమీ అడగరు. నక్షత్రాలు అలాంటి చుట్టాలు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

దగ్గరి కొండల సంగతి వేరు. మా మెట్టలో పండేది వర్జీనియా పొగాకు. ఆకు కోసి, కర్రలకి గుచ్చి, బ్యారన్‌లో వేలాడదీసి, కింద కట్టెలు మండించి రోజుల తరబడి వేడి పెట్టాలి. ఒకసారి మా పెదనాన్నని అడిగాను, "ఇన్ని కట్టెలు ఎక్కడివి పెదనాన్నా, అడవి ఏమైపోవాలి?" అని. ఆయన కోప్పడలేదు. "బ్యారన్ మండకపోతే నీ హాస్టల్ ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చేదే అమ్మడూ?" అన్నాడు. ఆ మాట నాకు నేరారోపణలా అనిపించలేదు, సమాధానంలానూ అనిపించలేదు. ఆ చెట్లకీ నాకూ ఉన్న అసలు చుట్టరికం ఏమిటో చెప్పినట్టనిపించింది.

ఇలాంటి చుట్టరికంలో తీర్పులు అంత సులువు కాదు. కొల్లేరునే చూడండి. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు అన్నీ వచ్చి అందులో పడతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో కోర్టు ఆదేశాలతో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ చెరువుల్లో పెద్ద పెట్టుబడిదారుల సొమ్ము ఉంది, సొసైటీల్లో చేరిన లంక గ్రామాల పేద మత్స్యకారుల బతుకూ ఉంది. ఆటపాక వెళ్లి గూడబాతుల్ని ఫొటో తీసుకుని రావడం ప్రేమే, కాదనను. ఆ పక్షులు ఉండాలంటే ఎవరి ఆదాయం ఎంత తగ్గాలి, ఆ నష్టం ఎవరు పూడ్చాలి అని అడిగినప్పుడు ఆ ప్రేమ ఖరీదు తెలుస్తుంది.

మా ఊరి నుంచి ఏజెన్సీ వైపు వెళితే కోయలు, కొండరెడ్ల ఊళ్లు. వాళ్ల కొత్తల పండగల గురించి వినే ఉంటారు. చెట్టు నిండా మామిడికాయలున్నా, ఊరంతా కలిసి పండగ చేసి, దేవతకి పెట్టేదాకా కొత్త కాయ తినరు. నాకు ఇందులో నచ్చేది ఆ ఆగడం. చెయ్యి చాస్తే అందేదాన్ని ఇంకా నాది కాదు అనుకోవడం. దాన్ని పొగిడి ఊరుకోవడం కూడా తప్పించుకోవడమే. పోలవరం ముంపులో కొండలు వదిలి వచ్చినవాళ్లు ఇప్పుడు మా చుట్టుపక్కల పునరావాస కాలనీల్లో ఉంటున్నారు. డెల్టాకి నీళ్లివ్వడానికి తమ చెట్లని వదులుకున్నవాళ్లు వాళ్లు. వాళ్ల పండగలోని జ్ఞానం మనకి కావాలి, ఆ పండగకి కావలసిన చెట్టు మాత్రం వాళ్లకి అక్కర్లేదా?

అయితే ఆకాశం చూసి ఆశ్చర్యపోవడం దండగా అంటే, కాదు. 1968 డిసెంబరులో అపోలో 8 నుంచి తీసిన ఫొటోలో చంద్రుడి అంచు మీదుగా నీలంగా లేస్తున్న భూమిని చూసి చాలామంది ఆలోచన మారింది. ఆశ్చర్యం మనిషిని కాస్త చిన్నవాణ్ణి చేస్తుంది, అది మంచిదే. కానీ ఆ ఫొటోలో కూడా జనాన్ని కదిలించింది చుట్టూ ఉన్న చీకటి కాదు, ఇల్లు.

కాబట్టి విశ్వంలో నేనెవరు అనే ప్రశ్నతో పాటు ఇంకో చిన్న ప్రశ్న కూడా అడుగుదాం: నాకు దిగువన ఎవరున్నారు? హైదరాబాద్‌లో నేనుండే ఫ్లాట్ సింక్‌లోంచి పోయే నీళ్లు చివరికి మూసీకి చేరాల్సినవే. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ ప్రకాశం బ్యారేజీకి వస్తుంది. అక్కడి నుంచి తూర్పు కాలువల్లోకి వెళ్లిన నీళ్లు డెల్టా పొలాలు తడుపుతాయి. వాటిలో కొన్ని డ్రెయిన్లలో పడి కొల్లేరు చేరతాయి. దారిలో ఎంత కలిసినా, ఎంత పలచబడినా, ఈ చుట్టరికానికి టెలిస్కోపు అక్కర్లేదు. నేను ఇక్కడ వదిలింది ఏదైనా అక్కడ ఎవరో ఒకరి వలలోకి, కంచంలోకి వెళ్లొచ్చు. వాళ్లు నన్ను ఏం అడుగుతారో వినడమే నాకు తెలిసిన ప్రకృతి ప్రేమ.