ఒంటికన్ను గుఱ్ఱం



మన విచారణలో పెరిగి, ఇప్పుడు అమెరికాలోని టెక్సాసులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు మొన్న క్రిస్మస్‌కు వచ్చి నాతో తన గోడు చెప్పుకున్నాడు. చిన్నప్పుడు నోటుపుస్తకం అట్టమీద బొమ్మ అంటించుకున్న స్పోర్ట్స్ కారును, పన్నెండేళ్ళు వాడినదాన్ని, కొత్తదాని ధరలో మూడో వంతుకే కొన్నాడట.

"కారు పాతబడితే దాని ధర తగ్గుతుంది గాని, విడిభాగాల ధర తగ్గదు ఫాదర్" అన్నాడు. వెడల్పాటి వెనుక టైర్లు ఊరికే అరిగిపోతాయి. పెట్రోలు ఖరీదైనదే పోయాలి. నేలకు అంటుకున్నట్టుండే బండి, స్పీడుబ్రేకరు కనిపిస్తే గుండెదడ. గంటకు 250 కిలోమీటర్లు పోగల ఇంజను, రోజూ ఆఫీసు దారిలో ట్రక్కుల వెనుక పాకుతుంది. పైగా లోపల కూర్చున్నవాడికి తన కారు కనబడదు, దాని అందం చూసేది పక్క బండివాళ్ళే! ఈ మాటకు ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరువాత చెప్పినదానికి నవ్వు రాలేదు. గేరుబాక్సు మరమ్మతుకు పోసిన డబ్బు వల్ల ఆ ఏడు తల్లి సంవత్సరీకపు పూజకు రాలేకపోయాడు.

లోకవస్తువులు దొరకనంతవరకు గొప్పగాను, దొరికాక చులకనగాను తోస్తాయని పునీత తోమాసు అక్వినాసు గారు 13వ శతాబ్దంలోనే వివరించారు. వాటి కొరత మనకు తెలిసేది అవి చేతికొచ్చాకే. దివంగత ఫ్రాన్సిస్ పాపుగారికి 2017లో కొత్త లంబోర్గిని కారు బహూకరిస్తే, సంతకం చేసి దాన్ని సేవాకార్యాల కోసం వేలానికి ఇచ్చేశారు. మనకంత నిర్లిప్తత ఎక్కడిది? గురువిద్యాలయం నుంచి వచ్చిన కొత్తలో పాత బుల్లెట్టు మోటారు సైకిలు కోసం నేను పడ్డ ఆరాటం నాకు తెలుసు. కనుక ఆ అబ్బాయిని మందలించలేదు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. కారు అమ్మేస్తాడట. మరమ్మతు చేయించినా, బండి బాగా వేడెక్కితే గేర్లు జారుతూనే ఉన్నాయి. కాసేపు నడిపి చూసేవాడికి అది తెలియదు. "చెప్పాలా ఫాదర్? నాకెవరు చెప్పారు?"

అక్వినాసు గారు ఈ ప్రశ్ననే గుఱ్ఱం బేరంలో పెట్టి చూశారు. గుఱ్ఱానికి ఒక కన్ను లేకపోతే కొనేవాడికి కనబడుతూనే ఉంటుంది. ధర న్యాయంగా తగ్గిస్తే చాలు, నోరు విప్పనక్కర లేదు. కొనేవాడికి నష్టమో అపాయమో తెచ్చే లోపం దాగి ఉంటే మాత్రం చెప్పి తీరాలి, చెప్పకపోతే మోసమే. "నిన్ను మోసగించినవాడు ఒకడు, నీ దగ్గర కొనేవాడు మరొకడు. వాడి బాకీ వీడి దగ్గర వసూలు చేస్తావా?" అన్నాను. మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తపస్సుకాలంలో ఫోను చేశాడు. నిజం చెప్పేసరికి ఇద్దరు వెనుదిరిగారట. మూడో అతను అంతా విన్నాడు, ధర తగ్గించుకున్నాడు, కొన్నాడు. "ఎందుకు కొన్నాడంటావు?" అని అడిగాను.

"ఏమో ఫాదర్. నేను గేరుబాక్సు గురించి చెబుతుంటే, అతను కారునే చూస్తూ ఉన్నాడు."